ఆకు గొట్టంలో ఊపిరి

నేను అంకులికి కాపరానికి వెళ్ళేనాటికి మా అత్త రెండు కళ్ళకూ పొర కమ్మేసి ఉంది. గంజాం ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులవి. అంకులి అప్పుడు పల్లే. బరంపురం ఇళ్ళు అయిపోయాక మొదలయ్యే వరి మళ్ళూ, వాటి మధ్య కొన్ని పెంకుటిళ్ళూ, అంతే. మా నాన్న పట్నంలో తెలుగు బడి పంతులు. గేట్ బజారు వెనక సందులో పుట్టి పెరిగాను. బియ్యాన్ని కొట్లో చూడడమే తప్ప వరి దుబ్బును చేత్తో పట్టుకుని ఎరగను.

మావగారు పోయాక, మా ఆయన చేతికి అందివచ్చే వరకూ ఇంటి వరి పొలం అత్తే చేయించింది. చూపు పోయినా ఇంట్లో తడుముకోకుండా తిరిగేది. గడప ఎక్కడుందో, నీళ్ళ కుండ ఎక్కడుందో ఆమె కాళ్ళకు తెలుసు. కొత్తగా వచ్చిన నేనే ఆమెకు అడ్డం. చెంబు ఒకచోట పెట్టాల్సింది మరోచోట పెడితే ఆమె కాలికి తగిలేది. "ఏటే అమ్మీ, ఇక్కడెట్టినావు" అనేది. అంతకు మించి తిట్టేది కాదు. అంతకు మించి మాట్లాడేదీ కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ మౌనానికి నేను తిట్లకన్నా ఎక్కువ భయపడ్డాను.

బరంపురం ఆసుపత్రిలో కంటి పొర తీసే డాక్టరు ఉన్నాడని, తీసుకెళ్తానని మా ఆయన చాలాసార్లు అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు.

"కంటిలో కత్తెట్టించుకోమంటావేటిరా? సూడాల్సినియ్యన్నీ సూసీసినాను. నీ పెల్లి ఒక్కటే సూడనేదు, అది సెవులతో ఇన్నాను. ఇంకేటున్నాది సూడ్డానికి?"

మా ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. ఉభాలు, అంటే వరినాట్లు అయి, నాటిన మొక్క పచ్చగా తేరుకుంటున్న సమయంలో ఒక పొద్దున మా ఆయన పొలం నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. పల్లపు మడిలో గొట్టం పురుగు పడిందన్నాడు. ఆకులు తెల్లబడిపోతున్నాయట, కొసలు తెగిపోతున్నాయట. గట్టు తెగ్గొట్టి నీరు తీసేసి, కిరసనాయిలులో తడిపిన తాడు మొక్కల మీదుగా లాగించాలన్నాడు.

అత్త అరుగు మీద కూర్చుని వింటోంది. ఆయన వెళ్ళాక నన్ను పిలిచింది.

"అమ్మీ, నన్ను గట్టు దాకా తీసుకెల్లు."

ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. గట్టు మీద నేను జారుతుంటే ఆమే నన్ను పట్టుకుంది. మడి దగ్గర గొంతుక్కూర్చుని, ఒక మొక్కను దగ్గరకు లాక్కుని ఆకు కొసను బొటనవేలితో తడిమింది. కొస ఉండాల్సిన చోట అడ్డంగా తెగి ఉంది. దర్జీ కత్తెరతో తెగినంత సాపుగా ఉంది.

"నీటి మీద ఏటున్నాది?"

"ఆకు ముక్కలు తేలుతున్నాయత్తా. చాలా ఉన్నాయి."

"ముక్కలేనా? సరిగ్గా సూడు."

చూశాను. వడ్లగింజ కన్నా కాస్త పొడుగున్న ఆకు ముక్కలు, చుట్ట చుట్టినట్టున్నాయి. గాలికి ఒక మూలకు కొట్టుకుపోయి గుంపుగా ఆగాయి. మబ్బు పట్టి వెలుతురు తక్కువగా ఉంది. అలా చూస్తుండగా ఒక ముక్క మొక్కను అంటుకుంది. అంటుకుని, నిలువుగా లేచి, మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

"అత్తా, ఆకు ముక్క మొక్క ఎక్కుతోంది."

"ఆకు ఎక్కుతాదేటే?"

"ఎక్కుతోందత్తా. లోపలి నుంచి చిన్న తల ఒకటి బయటికి వచ్చింది. ఆకును పట్టుకుని, ఆ గొట్టాన్ని తనతోపాటే లాక్కుంటోంది."

అత్త పట్టుకున్న ఆకును వదిలేసింది. తర్వాత, "మీ మావ పోయిన కాడి నుంచీ ఈ మడిలో తాడు లాగించినాను" అంది. "గొట్టం పురుగు అంటే గొట్టం సూసినాను గానీ పురుగుని సూడనేదు. కొన్ని ఇంటికి అట్టుకెల్దాం, నీటితో పాటు."

కంచు గిన్నెలో తీసుకొచ్చాం, ఒక వరి దుబ్బును బురదతో సహా పెకలించి. మా ఆయన నవ్వాడు గానీ కాదనలేదు. మర్నాడు పట్నం వెళ్ళినప్పుడు మిఠాయి కొట్టువాళ్ళ దగ్గర వెడల్పు మూతి గాజు జాడీ ఒకటి అడిగి తెచ్చాడు. అందులో దుబ్బును నాటి, వేలెడు లోతు నీరు పోసి, వసారాలో వెలుతురు పడే చోట పెట్టాం. ఇంటి పనులు అయ్యాక నేను జాడీ ముందు, అత్త నా పక్కన. ఆమెకు చెప్పడమే నా పని.

చెప్పడం మొదలుపెట్టాకే తెలిసింది, నాకు చూడడం రాదని. "పురుగు తింటోంది" అంటే ఊరుకునేది కాదు. "ఎలాగ తింటంది? పైన తింటందా, అంచు తింటందా?" అనేది. మళ్ళీ చూసేదాన్ని. ఆకు పచ్చదనాన్ని మాత్రం గీకి తింటోంది. అడుగున పల్చటి పొర మిగిలిపోతోంది. ఆ పొర గుండా అవతలి వెలుతురు కనబడుతోంది. మధ్యమధ్య ఈనెలు గట్టిగా ఉన్నచోట వదిలేస్తోంది. అందుకని తిన్న ఆకు చిన్న నిచ్చెనలా ఉంది. అలా చెబితే అప్పుడు తల ఊపేది.

ఒకరోజు కుట్టుపని సూదితో ఒక గొట్టాన్ని విప్పాను. చీల్చగానే లోపలి నుంచి ఒక బొట్టు నీరు జారింది. గొట్టం మొక్క మీద, నీటికి జానెడు పైన ఉంది. అంత పైకి ఎక్కినా ఆ పురుగు తన నీళ్ళు తనతో తీసుకొచ్చుకుంది.

అత్తకు చెప్పాను. ఆమె పుట్టిల్లు రామయ్యపట్నం పక్కన. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళను చూస్తూ పెరిగింది.

"మా ఊరోల్లు తెప్పెక్కి ఎల్తే, తాగడానికి మంచినీల్లు కుండలో ఎట్టుకుని ఎల్తారు. ఇది గట్టెక్కుతూ నీల్లు అట్టుకెల్తందా?"

విప్పిన పురుగును జాడీలో వేశాను. ఆకుపచ్చగా, లోపలిది కనపడేంత పల్చగా ఉంది. తల మాత్రం లేత గోధుమ రంగు. నీటిలో పడగానే దాని రెండు పక్కలా ఏవో విచ్చుకున్నాయి. బయట ఉన్నప్పుడు ఒంటికి అంటుకుపోయి కనపడనేలేదు. సన్నటి తెల్లటి పోగులు, ఒంటి పొడుగునా కుచ్చులు కుచ్చులుగా. పురుగు నడుము ఊపినప్పుడల్లా ఆ పోగులన్నీ ఒక్కసారి ఊగుతున్నాయి.

"వెంట్రుకల్లాంటివి ఉన్నాయత్తా. నీటిలో విచ్చుకున్నాయి."

"పురుగుకి ఎంట్రికలుంటాయి. గొంగలికి నేవేటి?"

"అలాంటివి కావు. ఇవి ఊపిరి తీస్తున్నట్టు..." ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వచ్చిందో తెలీదు.

ఆ వారంలోనే వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకాయన సైకిలు మీద పొలాలు చూడ్డానికి వచ్చాడు. మా మడి చూసి, నీరు తీసేయడమే మంచి మందని మా ఆయనకు చెప్పి, మంచినీళ్ళు తాగడానికి ఇంటికి వచ్చాడు. వసారాలో జాడీ కనబడింది. చెంబు పక్కన పెట్టేసి జాడీ ముందు కూర్చుండిపోయాడు.

"వీటిని ఎవరు పెంచుతున్నారు?"

"నానే" అంది అత్త. "సూసేది మా కోడలు. బాబూ, ఇది నీటిలో ఊపిరెలాగ తీత్తాది?"

ఆయన సంచీలోంచి భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. "చేపకు చెంపల్లో మొప్పలుంటాయి కదమ్మా. దీనికి ఈ పోగులే మొప్పలు. పుస్తకంలో బొమ్మ చూశాను. బతికుండగా, ఇలా ఊగుతుండగా చూడడం నాకూ ఇదే మొదలు" అన్నాడు. గొట్టంలో నీరు లేకపోతే మొప్పలు ఎండి చచ్చిపోతుందని, అందుకే మడి ఆరబెడితే చాలని, వరి మళ్ళీ చిగురు వేసుకుంటుందని చెప్పాడు. ఇది రెక్కల పురుగయ్యాక మొప్పలేవీ ఉండవని, అందరిలా గాలి పీల్చి బతుకుతుందని కూడా చెప్పాడు.

"మరి ఆ పోగులేటవుతాయి?"

"రాలిపోతాయమ్మా. చర్మంతో పాటు."

భూతద్దం నా చేతికి ఇచ్చాడు. దానిలోంచి చూస్తే ఒక్కొక్క పోగులోనూ వెండి గీతలాంటిది మెరుస్తోంది. గాలి గొట్టాలట అవి. నేను ఆ రోజు వరకూ దేవుడి గుళ్ళో తప్ప ఎక్కడా అంత నిశ్శబ్దంగా నిలబడలేదు. ఆయన వెళ్ళేటప్పుడు అద్దం అడగడం మరిచిపోయి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, మొహమాటంగా నవ్వి పట్టుకెళ్ళాడు.

మడి నీరు తీసేశారు. మా ఆయనా, పాలేరూ చెరో కొసా పట్టుకుని తాడు లాగారు. గొట్టాలన్నీ బురదలో రాలిపడ్డాయి. కొంగలు దిగాయి. నాకు మనసు ఎలాగో అయి అత్తను అడిగాను, అన్నీ చచ్చిపోవాలా అని.

"మరి మనం తినొద్దేటి?" అంది. "పొలంలోయి పొలంలో సావనీ. జాడీలోయి జాడీలో బతకనీ." ఆ మాట అనడంలో ఆమెకు ఏ ఇబ్బందీ కనబడలేదు.

మరో గొట్టాన్ని విప్పి, గూడు పోయిన ఆ పురుగు జాడీలో ఏం చేస్తుందోనని కనిపెట్టుకుని ఉన్నాను. అది ఊరికే ఉండలేదు. దుబ్బు ఎక్కి, ఒక లేత ఆకు కొస దగ్గర ఆగింది. ఆకు అంచును ఒక పక్క నుంచి కొరుక్కుంటూ మధ్య ఈనె దాకా వచ్చింది. తల అటూ ఇటూ తిప్పుతూ ఈ అంచుకూ ఆ అంచుకూ దారం వేసింది. దారం నాకు కనబడలేదు. ఆకు వంగడమే కనబడింది. తల తిప్పినప్పుడల్లా రెండంచులూ ఇంకొంచెం దగ్గరయ్యాయి. చివరికి కలిసిపోయి గొట్టం అయింది. అప్పుడు లోపలికి దూరి, మిగిలిన సగాన్ని లోపలి నుంచే కొరికింది. తెగిన గొట్టం, అందులోని పురుగూ కలిసి టపుక్కున నీటిలో పడ్డాయి.

అదంతా నేను అత్తకు చెప్పుకుంటూ వచ్చాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో గమనించలేదు. దారం దగ్గరకు వచ్చేసరికి నాకు మాటలు చాలలేదు.

"ఎలాగ కుడతంది? మనం కుట్టినట్టా?"

"కాదత్తా."

"సాలెపురుగులాగా?"

"అలా కూడా కాదు. నాకు చెప్పడం రావడం లేదత్తా."

ఆమె నా మణికట్టు వదిలేసింది. కోపం వచ్చిందేమోనని చూశాను. ఆమె ముఖం జాడీ వైపే ఉంది. పొర కమ్మిన ఆ కళ్ళను పెద్దవి చేసి, గాజుకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది.

"నాకు పచ్చగా ఏదో తెలుస్తంది. అంతే" అంది. తర్వాత నా వైపు తిరగకుండానే, "మీ ఆయనతో సెప్పు. ఆ ఆసుపత్రికి ఎల్దాం" అంది.

మా ఆయన నమ్మలేదు. నన్ను పక్కకు పిలిచి, "నువ్వేం చెప్పావు?" అని అడిగాడు. పురుగు సంగతి చెప్పానన్నాను. ఆయన నా ముఖం కేసి చూసి, ఇంకేమీ అడగకుండా పట్నం వెళ్ళి డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. చలి ముదిరాక చేద్దామన్నారట.

ఈలోగా జాడీలోని పురుగులు తినడం మానేశాయి. గొట్టాలు దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, కాడలకు అతుక్కుపోయాయి. రెండు మూతులూ మూసేసుకున్నాయి. రోజూ చూసినా ఏమీ లేదు. అత్త మాత్రం జాడీ మూతికి పల్చటి గుడ్డ కట్టించి, దాన్ని కదపనివ్వలేదు. ఒక తెల్లవారుజామున నేను కళ్ళాపి చల్లడానికి లేస్తే, జాడీ లోపల ఒక కాడ మీద తెల్లటి చుక్క ఉంది.

అత్తను లేపాను. రెక్కల పురుగు గాజు లోపలే రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఇంత నీటి బతుకు బతికి, దాని ఒంటి మీద తడి చుక్క లేదు. తెల్లటి రెక్కలు, వాటి మీద అక్కడక్కడ లేత గోధుమ రంగు చుక్కలు. మూతి ముందుకు సాగి ఉంది, ఏదో వాసన పడుతున్నట్టు. రెక్కలు ముడిస్తే నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. మొప్పలు లేవు. ఆ నడుము ఊపడం లేదు. నీటిని చూసినట్టు కూడా లేదు.

మూతికి కట్టిన గుడ్డ తీసి నా వేలు అడ్డం పెడితే ఎక్కింది. దాన్ని అత్త వేలి మీదికి నడిపించాను.

"ఎట్టినావా?"

"మీ వేలి మీదే ఉందత్తా."

"నాకు తెలీడం నేదు. బరువు నేదు." ఊపిరి బిగబట్టింది. "ఉన్నాదా?"

"ఉంది. మీ గోరు మీద నడుస్తోంది."

"నిజంగా ఉన్నాదేటే?" అంది. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. చిన్నపిల్ల గొంతులా ఉంది. అప్పుడే తూర్పు తెల్లబడి, వీధి తలుపులోంచి వెలుతురు వచ్చింది. పురుగు అటు ఎగిరిపోయింది. ఎగిరిపోయిందని చెప్పాక కూడా అత్త చాలాసేపు వేలు దించలేదు.

చలి ముదిరాక ఆసుపత్రిలో పొర తీసి, కంటికి కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. తుమ్మకూడదు, దగ్గకూడదు, పక్కకు తిరగకూడదు. పొలం గట్లమీద తిరిగిన మనిషి కర్రలా పడుకుంది. మొదటి రోజు భయపడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "గొట్టం పురుగు కూడా ఇలాగే మూతులు మూసుకుని పడుకుందేటే?" అంది. అవునన్నాను. "అయితే సరే" అంది. పక్క మంచం మీద ఒడియా ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకు మా అత్త ఒడియాలో ఆ పోకొ కథంతా చెప్పింది, పోకొ అంటే పురుగు. నేను చూసి చెప్పినదాన్ని తనే చూసినట్టు చెబుతుంటే నేను విని ఊరుకున్నాను.

కట్టు విప్పి, మందపాటి అద్దాలు ఇచ్చారు. ఆమె మొదట తన అరచేతులు చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, కింద నుంచి పైదాకా చూసి, "నీ గొంతు ఇని నువ్వు పొడుగ్గా ఉంటావనుకున్నాను" అంది. మా ఆయన బయటికి వెళ్ళిపోయి, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు.

మరుసటి ఏడు ఉభాలయ్యాక ఆమె రోజూ పల్లపు మడికి వెళ్ళేది. ఆ ఏడు పురుగు తక్కువ. మా ఆయన సంతోషిస్తే ఆమె వెతుక్కుంది. చివరికి దొరికింది. ఆ లావు అద్దాలు ఏ వస్తువునైనా కొంచెం పెద్దది చేసి చూపేవి. కంచు గిన్నెలో గొట్టాన్ని తనే విప్పి, మొప్పలు విచ్చుకోవడం తనే చూసింది.

నేను పక్కనే ఉన్నాను. ఏమంటుందోనని ఎదురుచూశాను.

"ఎంట్రికలన్నావు గదే" అంది. "ఎంట్రికలు కావు. నీటిలో తేలే అంతర తామర ఏర్లు సూసినావా, ఒక్క ఏరుకి నాలుగు సీలికలుంటాయి. అలగున్నాయి."

మళ్ళీ వంగి చూశాను. ఆమె చెప్పింది నిజం. ఒక్కొక్క పోగూ మొదట్లో ఒకటే, తర్వాత చీలుతోంది. భూతద్దంలో చూసి కూడా నేను దాన్ని చెప్పలేదు.

అక్కడితో ఆగలేదు ఆమె. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవాలని పట్టుబట్టింది. నీటి మీదికి వాలి తేలుతున్న ఆకులను ఒక్కొక్కటే తిప్పి చూసేది. నడుము పట్టేసేది, లేచేది, మళ్ళీ వంగేది. గట్టు మీద పోయేవాళ్ళు చూపు వచ్చాక ముసలమ్మకు మతి పోయిందనుకున్నారు. ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్ళేసరికి చేతిలో ఒక ఆకు పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది.

"సూడు."

ఆకు అడుగున, నీటికి తగిలే వైపు, లేత పసుపు చుక్కలు. గసగసాల కన్నా చిన్నవి. వరసగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి.

"తల్లి ఆకు మీద కూకుని, తోక నీటిలోకి వంచి, అడుగున ఎట్టి ఎల్లిపోతాది కాబోలు. అది ఉండదు, ఇయ్యి పిల్లలయ్యే దాకా." అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుంది. "తల్లిని సూడదు ఈ పిల్ల. మరి ఆకు కత్తిరించడం ఎవరు నేర్పుతారే దీనికి? దారం ఎక్కడ ఏయాలో ఎవరు సెప్తారు? నీల్లు తీసుకుని ఎక్కమని ఎవరు సెప్తారు?"

నాకు తెలీదన్నాను.

"ఆ సైకిలు బాబుకి తెలుసేటో."

"ఆయనకీ తెలీదనుకుంటాను అత్తా."

"అవునేటి" అంది. ఎవరికీ తెలియని సంగతి తన చేతిలో ఉన్నందుకు ఆమె ముఖం వెలిగింది. మా ఆయన అవతలి గట్టు నుంచి గట్టు తెగ్గొడుతున్నానని కేకేశాడు. సరే కానీరా అని చెయ్యి ఊపింది గానీ లేవలేదు. అన్నం చల్లారిపోతోందన్నాను. వినలేదు. మడిలో నీరు సన్నగా కదిలి గండి వైపు పోతుంటే, ఆమె ఆ ఆకును రెండు చేతుల్లోనూ పట్టుకుని, అద్దాలకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క చుక్కనూ చూస్తోంది. నేను కూడా అన్నం గిన్నె గట్టు మీద పెట్టి పక్కన కూర్చున్నాను.